నీరజ ఎడమ భుజం

లింబాయత్, సూరత్
12 జనవరి 2025

చెల్లె సంధ్యారాణికి,

మీ అక్క కరుణ రాసేది. ఇక్కడ మేమంత మంచిగనే ఉన్నం. అవ్వ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయ్? నూనె రాస్తున్నవా, లేక ఆటల సంబురంల మర్చిపోయినవా?

నువ్వు పంపిన స్కోరు కాగితం శుక్రవారం అందింది. మీ బావ అన్నానికి పైకి వచ్చేటప్పుడు తెచ్చిండు. ఫోన్ల మాట్లాడుకుందామంటవు గానీ మా రూము కింద బట్ట నేసే నలభై సాంచాలు నడుస్తయ్. ఫోను చెవికి పెట్టుకుంటే నీ మాట గాదు, టకటక సప్పుడే వినవడ్తది. ఉత్తరమైతే నయం. కోపమొస్తే పక్కన పెట్టి మళ్ల చదువుకోవచ్చు.

నిజం చెప్పాల్నా? కోపమే వచ్చింది. మన ఆర్మూర్‌కు సొంతంగ ఒక ఆడోళ్ల బేస్‌బాల్ జట్టు, జీతాలిచ్చి ఆడించే జట్టు, ఆరు ఊర్లతోటి లీగు! ఇరవై ఏండ్ల కిందట నేను క్యాచర్‌గ గొంతుకూసోని, పిచ్చర్ విసిరిన బంతులు పట్టీ పట్టీ ఏండ్లు గడిపిన నాడు ఇదంత ఏడవోయింది? నేను పెండ్లయి సూరత్ వచ్చినంక గీ జట్టు పుట్టాల్నా? దానికి స్కోరర్‌వు నువ్వా? బంతి వస్తే బండరాళ్ల ఎనుక దాక్కునేదానివి! ఆ స్కోరు రాసుడు సుత నేనే నేర్పితిని, ఊకె ఏడుస్తున్నవని.

మా గల్లీల ఆడోళ్లు "ఇది క్రికెటా?" అని అడుగుతరు. కాదు, నాలుగు మూలలు ఉరికి మళ్ల మొదలు పెట్టిన కాడికి వస్తే ఒక్క పరుగు అని చెప్త. నేను చీరలకు రాళ్లు అతికించుకుంటనే నీ కాగితం పక్కన పెట్టుకొని ఒక్కో బంతి కండ్ల ముందట ఆడించుకుంట. వరంగల్ మీద మూడో ఇన్నింగ్స్‌ల ఇద్దరిని మూలల మీద అట్ల నిలవెట్టి మరీ ఔటయిన్రేంది? సిగ్గుండాలె.

ఇంకొకటి. మీ బావ ఫోనుకు నువ్వు పంపిన వీడియో పదిసార్లు చూసిన. మన పిచ్చర్ పోరి నీరజ మెల్లటి బంతి వేసే ముందు ఎడమ భుజం కిందికి దించుతుంది. గట్టి బంతికి దించదు. కనిపెట్టినోళ్లు ఆ పోరిని ఉతికి ఆరేస్తరు. నాడు నాకు నేర్పిన మన కోచ్ వీరరాఘవయ్య సారుకు చెప్పు. నేను చెప్పిన్నని చెప్పు. నా పేరు యాదికుందో లేదో.

అవ్వకు దండం.
మీ అక్క
కరుణ


ఆర్మూర్
21 జనవరి 2025

అక్కకు నమస్కారం.

అవ్వ మోకాళ్లు తగ్గినయ్. ప్రతి ఆటకూ నాతోటి వస్తుంది. గొడుగు పట్టుకొని ముందటి బెంచి మీద కూసోని అంపైర్‌ను తిడ్తుంది. ఆయన హిందీ మనిషి కాబట్టి బతికిపోయినం.

నువ్వు రాసిన భుజం సంగతి సారుకు చెప్పిన. ఆయన వీడియో మళ్ల మళ్ల చూసి "ఎవలు కనిపెట్టిన్రే ఇది?" అని అడిగిండు. అక్కా, ఏమనుకోకు. నీరజ ముందలనే అడిగిండు. నా నోట్లకెళ్లి "నేనే సార్" అని వచ్చింది. శభాష్ అని నెత్తి మీద చెయ్యి పెట్టిండు. పదహారేండ్లు బీడీలు చుట్టిన. ఒక్కలు శభాష్ అనలే నన్ను. తర్వాత చెప్దామనుకున్న, చెప్పలేకపోయిన. ఈ సంగతి సారుకు, నీరజకు, నాకు తప్ప ఎవ్వలకు తెల్వదు. నీరజ సరిచేసుకుంటుంది గానీ అలవాటు పడ్డ ఒళ్లు, అంత జల్ది మాట వింటలేదు.

మా పనోళ్లకు సుత జెర్సీలిచ్చిన్రు. నాకు ఏడో నంబరు! నేనే అడిగి తీసుకున్న. అది నీదే కదా. మురిసిపోతవనుకున్న.

అసలు ముచ్చట ఇది. ఫిబ్రవరి 16 ఆదివారం మన జట్టు సూరత్ వస్తుంది, సూరత్ జట్టు మీద ఆడెటందుకు. ఆట కడోదరా అవతల కొత్త మైదానంల. నేనూ వస్తున్న! ముందటి వరుస పాసు ఈ కవర్లనే పెట్టిన. ఈ ఆట గెలిస్తే మనం ఫైనల్‌కు పోతం.

నీ చెల్లె
సంధ్య


లింబాయత్, సూరత్
1 ఫిబ్రవరి 2025

సంధ్యకు,

పాసు అందింది.

భుజం సంగతి నువ్వే కనిపెట్టిన్నని చెప్పుకున్నవా? మంచిది. చెప్పుకో. నాకేం పోయింది. నేను ఈడ రాళ్లు అతికించుకునేదాన్ని, నాకెందుకు శభాష్‌లు. ఏడో నంబరు సుత తొడుక్కో. నేను దాన్ని ఇంటి పేరు లెక్క మోసిన, నువ్వు అడిగితే ఇచ్చిన్రు. ఎంత సులువు!

ఇది రాసి కొట్టేద్దామనుకున్న. కొట్టేస్తలేను. ఉండనియ్.

మా గల్లీల ఊర్మిళ అని ఒక పోరి ఉంది. మీ బావ నడిపే సాంచాల పక్క సాంచాలు వాళ్ల నాయిన నడుపుతడు. మనోళ్లే, సిరిసిల్ల దిక్కు. పోరి ఈడనే పుట్టింది కాబట్టి సూరత్ జట్టుల ఆడుతుంది. "కరుణా మాసీ, మీ ఊరి పిచ్చర్ ఎట్ల వేస్తది, జర చెప్పు" అని మొన్న వచ్చింది. "నేను ఆర్మూర్ దాన్ని బిడ్డా, నా నోరు తెరిపియ్యకు" అని చాయ్ ఇచ్చి పంపిన. తెలుగోళ్ల పోరి ఆర్మూర్ మీద ఆడుడేంది అంటే, "నేను సూరత్ దాన్నే కదా మాసీ" అని నవ్వింది. నాకు నవ్వు రాలే.

పదహారో తారీఖు వస్త. నీకోసం రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసుకొస్త. ఆట కాంగనే నన్ను సారు దగ్గరికి తోల్కపో. ఒక్కసారి కలిస్తే చాలు నాకు.

కరుణ


ఆర్మూర్
24 ఫిబ్రవరి 2025

అక్కా,

ఏమైంది నీకు? ఆట అయిపోయినంక గేటు కాడ నీ కోసం చూసిన. మా బస్సు హారన్ కొట్టేదాక చూసిన. ఆట నడుమ నువ్వు చెయ్యి ఊపినవ్, నేను చూసిన. కానీ స్కోరర్ ఆట అయ్యేదాక కుర్చీల నుంచి లేవొద్దు, ఎవ్వలతోటీ మాట్లాడొద్దు. అది లీగు కాయిదా. అందుకే తల దించుకొని రాసుకుంట కూసున్న. నువ్వు అర్థం చేసుకుంటవనుకున్న.

ఎట్ల ఓడిపోయినమో నీ కండ్లతోటి చూసినవ్ కదా. ఆఖరి ఇన్నింగ్స్. మనకు ఒక్క పరుగు ఎక్కువుంది. ఇద్దరు ఔట్. ఇంకొక్కలు ఔటయితే ఫైనల్. అప్పుడు మీ గల్లీ ఊర్మిళ వచ్చింది. నీరజ మెల్లటి బంతి వేసింది. ఆ పోరి ముందే తెల్సినట్టు ఆగి, ఆగి కొట్టింది. మూలల మీదున్న ఇద్దరూ ఉరికొచ్చిన్రు, రెండు పరుగులు. మావోళ్లు మైదానంలనే కూలవడి ఏడ్చిన్రు.

తర్వాత సూరత్ పోరిలు సంబురంల మాట్లాడుకుంటుంటే మా మేనేజర్ విన్నడట. "షోల్డర్ దేఖ్, షోల్డర్" అని నవ్వుకుంటున్నరట. మావోళ్ల లెక్కల ఆ సంగతి తెల్సింది ముగ్గురికే. సారు చెప్పడు. నీరజ తన మీద తను చెప్పుకోదు. మిగిలింది నేను. నా అక్క సూరత్‌ల ఉంటుందని అందరికీ తెల్సు. నన్ను పనికెల్లి తీసేసిన్రు అక్కా. సోమవారం నుంచి రావొద్దన్నరు. సారు నా మొఖం దిక్కు చూడలే, అంతే.

"మా అక్క ఆర్మూర్ కోసం పానం ఇస్తది, ఆమె మీద అనుమానం పడకున్రి" అని మేనేజర్‌తో లొల్లి పెట్టుకున్న. మనల్ని కన్న అవ్వ మీద ఒట్టు పెట్టిన. నీకేమన్న తెల్సా? ఆ ఊర్మిళకు ఎట్ల తెల్సింది? జర అడిగి రాయి.

సంధ్య


లింబాయత్, సూరత్
4 మార్చి 2025

సంధ్యకు,

నీ ఉత్తరం చదివి రెండు దినాలు అన్నం సయించలే.

ఆ దినం నాకు కడుపునొప్పి లేసింది. అందుకే ఆగకుంట షేర్ ఆటో ఎక్కి ఇంటికొచ్చిన. నిన్ను కలవలేదని నాకూ మనసుల ఉంది.

ఊర్మిళకు ఎట్ల తెల్సిందో నాకేం తెల్వదు. ఆటకు ముందు దినం రెండు జట్ల పోరిలు ఒక్క కాడ్నే అన్నం తిన్నరట కదా. నీరజనే మాటల్ల చెప్పుకున్నదేమో. చిన్న పిల్లలు. వాళ్ల నోరు ఆగుతదా? నువ్వు ఊకె బాధపడకు. ఆ నౌకరీ పోతే ఇంకొకటి.

అవ్వకు చెప్పకు.

కరుణ


ఆర్మూర్
14 మార్చి 2025

అక్కా,

నీరజ గురించి నువ్వు రాసింది చదివి మేనేజర్ దగ్గరికి ఉరికిన. "రెండు జట్లు కలిసి తిన్ననాడు నీరజ చెప్పిందేమో అడుగున్రి" అన్న. అడిగిన్రు. అందరి ముందల నిలవెట్టి అడిగిన్రు. ఆ పోరి ఏడ్సింది, ఒట్లు పెట్టింది. ఎవ్వలు నమ్మలే. జెర్సీ ఇచ్చేసి ఇంటికి పోయింది. ఇప్పుడు వాళ్లమ్మ వెంకటవ్వ పక్కన కూసోని బీడీలు చుడుతుందట. పందొమ్మిదేండ్ల పోరి. అంత గట్టిగ బంతి విసిరే చెయ్యి ఈ జిల్లాలనే లేదు.

మేనేజర్ నన్ను మళ్ల రమ్మన్నడు. పోయి కూసున్న. పెన్ను పట్టుకొని, రాసిందే మళ్ల కొట్టేసిన. నేను దొంగనన్నప్పుడు ఎంత బాధ అయిందో, ఆ పోరిని నిలవెట్టినప్పుడు అంతకంటె ఎక్కువైంది. అక్కా, నీరజ చెప్పిందని నీకు ఖాయంగ తెల్సా? ఎవలన్న చూసిన్రా? ఊర్మిళ అన్నదా? నాకు ఒక్క మాట రాయి, నిజం రాయి.

సంధ్య


లింబాయత్, సూరత్
22 మార్చి 2025

సంధ్యా,

ఊర్మిళకు చెప్పింది నేనే.

ఇది రాసెటందుకు ఎనిమిది కాగితాలు చింపిన. మీ బావకు ముందు చెప్పిన. ఆయన సాంచాల మనిషి, పెద్దగ మాట్లాడడు. "మరి రాయి" అన్నడు, అంతే. ఇంక దాచిపెట్టుకునేది లేదు. మొత్తం చదువు.

ఆ దినం పొద్దున్నే మలీద చేసి డబ్బల పెట్టుకొని, కొత్త చీర కట్టుకొని వచ్చిన. మూడు ఆటోలు మారిన. కంచె పక్కన ముందటి వరుసల కూసున్న. ఐదు ఇన్నింగ్స్ దాక గొంతు పోయేటట్టు ఆర్మూర్, ఆర్మూర్ అని ఒర్రిన. చుట్టూత సూరతోళ్లు నన్ను చూసి నవ్విన్రు. నేను లెక్కపెట్టలే.

నీకు చెయ్యి ఊపిన. నువ్వు చూసి తల దించుకున్నవ్. కాయిదా అని నాకు తెల్వదు. జీతం మనిషి అయింది, రాళ్లు అతికించే అక్కను పది మందిల ఎట్ల పలకరిస్తది అనుకున్న. నీ ఈపు మీద ఏడో నంబరు. నువ్వు కాగితం మీదికి వంగినప్పుడల్ల అదే కనబడ్డది. ఆట చూసుడు బంద్ చేసి ఆ అంకెనే చూసిన.

ఆఖరి ఇన్నింగ్స్ కాడ సారు కంచె దగ్గరికి వచ్చిండు. నేను లేచి నిలవడ్డ. "సార్, నేను..." అనబోయిన. ఆయన నన్ను చూసి, "అమ్మా, జర పక్కకు జరుగు, ఎనుక కూసున్నోళ్లకు ఆట కనవడ్తలేదు" అన్నడు. ఏడేండ్లు ఆయన చేతి కింద ఆడిన మనిషిని. అని నీ టేబుల్ కాడికి పోయి, నీ కాగితం చూసి, నీ నెత్తి మీద చెయ్యి పెట్టిండు.

ఊర్మిళ అప్పుడే బ్యాటు పట్టుకొని కంచె పక్కకెల్లి పోతుంది. నేను కంచె పట్టుకొని పిలిచిన.

"బిడ్డా. నీరజ ఎడమ భుజం చూడు. కిందికి దిగితే మెల్లటి బంతి. ఆగి కొట్టు."

"సచ్చీ, మాసీ?"

"పో."

అంతే. పట్టుమని పది మాటలు లేవు. పిలిచింది అది గాదు, నేనే. నా నోరు తెరిపియ్యకు అన్నది నేనే, తెరిచింది నేనే. బంతి తగిలిన సప్పుడు వినంగనే నా కడుపు చల్లగ అయింది. ఒక్క నిమిషం, సంధ్యా, ఒక్క నిమిషం మస్తు మంచిగ అనిపించింది. అది రాయకుంటే ఇదంత రాసీ దండుగ. తర్వాత నీరజ మైదానం నడుమ కూలవడుడు చూసిన. మలీద డబ్బ పట్టుకొని బయటికి ఉరికిన. ఆటోల ఎవరో పిల్ల ఏడుస్తుంటే ఆ డబ్బ వాళ్లమ్మకే ఇచ్చేసిన.

కడుపునొప్పి అబద్ధం. నీరజ చెప్పిందేమో అన్నది అంతకంటె పెద్ద అబద్ధం. నిన్ను నేను దొంగను చేస్తే నువ్వు నా కోసం ఒట్టు పెట్టినవ్. ఆ ఒట్టు చదివినంక సుత నేను అబద్ధమే రాసిన.

ఇదే సంగతి సారుకు, మేనేజర్‌కు వేరే కాగితం మీద రాసి రిజిస్టర్ చేసి పంపిన. భుజం కనిపెట్టింది ఎవలో అందుల రాయలే. అది నీ ఇష్టం.

కరుణ


ఆర్మూర్
2 ఏప్రిల్ 2025

కరుణక్కకు,

నీ కాగితం సారు అందరి ముందల చదివిండు. మేనేజర్ స్వయంగ వెంకటవ్వ ఇంటికి పోయి నీరజకు మాఫీ చెప్పిండు. నేనూ పోయిన. ఆ పోరి నన్ను చూడంగనే మొఖం తిప్పుకున్నది.

భుజం కనిపెట్టింది నువ్వేనని సారుకు చెప్పిన. "కంచె కాడ నిలవడ్డది కరుణనా?" అని రెండుసార్లు అడిగిండు.

నీరజ మేనేజర్‌తోటి ఒక్క షరతు పెట్టింది. "ఆ భుజం చూసినామె వచ్చి, నా ముందట కూసోని, నా బంతులు పట్టి, నా తప్పు సరిచేయాలె. అప్పుడే జెర్సీ తొడుక్కుంట" అన్నది. సారు సరే అన్నడు. మీ బావ ఫోను నంబరు నన్ను అడిగిండు. మూడు దినాలు ఇయ్యలే. ఇయ్యాల ఇచ్చిన.

నువ్వు వస్తే ఇంటి తాళం ఎనుక ఇంట్ల అవ్వ దగ్గర ఉంటది. నేను మెట్‌పల్లి మా ఆడబిడ్డ ఇంటికి పోతున్న. నువ్వు నా మీద కుళ్లుకున్నవని నాకు బాధ లేదు. చిన్నప్పటి నుంచి ఊరంత కరుణ, కరుణ అంటుంటే నేను సుత నీ మీద కుళ్లుకున్నదాన్నే. కానీ నేను నిన్ను ఎప్పుడూ ఎవలకూ పట్టియ్యలే.

సంధ్యారాణి


ఆర్మూర్, మీ ఇల్లు
19 ఏప్రిల్ 2025

చెల్లె సంధ్యకు,

పక్కింటి నరహరి మెట్‌పల్లి పోతుండు, ఆయన చేతికిచ్చి పంపుతున్న.

సోమవారం దిగిన. బ్యాగు అవ్వ కాడ పెట్టి సీదా వెంకటవ్వ ఇంటికి పోయిన. ఆమె నన్ను చూసి బీడీల చాట ముందటికి గుంజుకొని తల వంచుకున్నది. కూసోమనలే. నిలవడే ఉన్న. నీరజ బయటికొచ్చి నన్ను కిందికెల్లి మీదికి చూసి "బూట్లు తెచ్చుకున్నవా?" అన్నది. తేలేదన్న. వాళ్ల తమ్ముడివి తెచ్చి నా ముందట పడేసింది.

తెల్లారి నుంచి మైదానంల నేను గొంతుకూసునుడు, ఆమె విసురుడు. ముప్పై ఎనిమిదేండ్ల మోకాళ్లు. రెండో దినానికే బంతి పట్టే చెయ్యి వాచింది. పోరి మాట్లాడది, విసురుతుంది. నేను చెప్పింది వింటది. మెల్లటి బంతి పట్టు జారుతదని ఆమెకు భయం. అందుకే వేళ్లు బిగబడుతున్నయ్, వేళ్లతోటి చెయ్యి, చేతితోటి భుజం. "వదులుగ పట్టు, జారితే జారనియ్, నేనున్న కదా పట్టెటందుకు" అన్న. అన్నంక, నన్ను నమ్ముమని చెప్పే మొఖమేనా ఇది అని నాకే సిగ్గయింది. ఆమె వదులుగనే పట్టింది.

ఇయ్యాల పొద్దున ఇరవై బంతులు వేసింది. ఏది మెల్లటిదో, ఏది గట్టిదో చేతిల పడేదాక నాకు తెల్వలే. లేచి నిలవడి అదే చెప్పిన. నీరజ చెమట తుడుచుకొని, మొదటిసారి నా కండ్లల్లకు చూసి, "ఇగ పో. ఇప్పుడు ఎవలకు చెప్తవో చెప్పుకో" అన్నది. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఆ పోరి మాత్రం లోపలికి పోయి జెర్సీ తొడుక్కొని వచ్చింది.

సారు నాతోటి రోజూ మాట్లాడుతుండు. మంచిగనే మాట్లాడుతుండు. కానీ నీ కుర్చీ ఖాళీగ ఉంది. ఎవల్నీ కూసోనిస్తలేడు. సంధ్య వచ్చేదాక ప్రాక్టీసు ఆటలకు స్కోరే అక్కర్లేదు అన్నడు. ఆ మాట వింటే నా లోపల మళ్ల మండింది. మండలేదని రాస్తే అది ఇంకో అబద్ధమైతది. నాకు ఈ గుణం పోలేదు సంధ్యా. పోయిందని చెప్పుకోను. మండినా నోరు మూసుకొని బంతి పట్టిన, అంతవరకే చెప్పగలుగుత.

నా రైలు గురువారం. నన్ను చూడబుద్ధి కాకుంటే శుక్రవారం రా. ఇల్లు ఊడ్చి తాళం అవ్వకిచ్చి పోత. చూడాలనిపిస్తే బుధవారం రా.

కరుణ